పాత గంటకీ కొత్త గంటకీ మధ్య క్లొదోమిరా ఇల్లు

పుట్టి బుద్ధెరిగాక నేను పోటు తప్పింది లేదు. మా పుల్దేవ్ ద్వీపంలో ఎవర్ని కావాలంటే వాళ్లని అడగండి. నీళ్లు ఎప్పుడు పొంగుతాయో, ఎప్పుడు తీస్తాయో నా ఎడమ మోకాలి చిప్పకి తెలుసు. చిలోయె దీవులన్నిటికీ ఆటుపోట్లు పంచిపెట్టే చంద్రుడు సైతం ఎప్పుడైనా లెక్క మరిచిపోతే, మా పెరటి కంచె మీదికి కాస్త వంగి, "ఒరే రోసమెల్, రేపు ఎన్నింటికిరా?" అని నన్నడిగి పోయేవాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

పోయినవారం మనం ఎక్కడ ఆగామంటే, ఇల్లు ఆగినచోటే ఆగాం. బురదలో.

మధ్యలో ఒక వారం చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్లొదోమిరా ఇంటి వెనక కొండచరియ పోయిన చలికాలం జారింది. ఇంకో వాన పడితే ఇంటి మీదికే వస్తుంది. ఎదురుగా కుయింకో తీరాన వాళ్ల చెల్లెలు స్థలం ఇచ్చింది. మా వైపు ఇల్లు మారాలంటే సామాను మోసుకుపోవడం కాదు, ఇంటినే తీసుకుపోతాం. చుట్టుపక్కలవాళ్లని మింగాకి పిలుస్తాం. వచ్చినవాళ్లు కూలి అడగరు, కడుపునిండా తిండి అడుగుతారు. చెక్క ఇంటిని దుంగల మీదికెక్కించి, ఎడ్లు కట్టి సముద్రం దాకా లాగుతారు. చుట్టూ ఖాళీ పీపాలు కడతారు. పోటు వచ్చి ఇంటిని లేపగానే లాంచీలు దాన్ని అవతలి ఒడ్డుకి లాక్కుపోతాయి.

ఈ మింగాకి కబురు పంపే పని నయాదెత్‌ది. పట్నంలో వెబ్ పేజీలు చేయడం నేర్చుకుని మళ్లీ మా ద్వీపానికే వచ్చిన పిల్ల; నన్ను తాతా అని, మిగతావాళ్లని నోటికొచ్చిన వరసతో పిలుస్తుంది. పేజీ బాగా చేసింది. పెద్ద బొమ్మ పెట్టలేదు. సముద్రం మీద సిగ్నల్ నూలుపోగంత, బొమ్మ సగం తెరుచుకునేలోపు లాంచీ ఒడ్డుకి చేరుతుంది. అక్షరాలు లావుగా, తెల్లటి నేల మీద నల్లగా పెట్టింది. 'రావచ్చు' అంటే పచ్చరంగు, 'రావద్దు' అంటే ఎర్రరంగు పెట్టి, రంగు పక్కనే మాట కూడా రాసింది. ఎందుకంటే లాంచీల పెద్ద ఒలెగారియోకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కటే. సిగ్నల్ లేనిచోట కూడా తెరుచుకునేలా పేజీ నకలొకటి ఎవరి ఫోన్లో వాళ్లకి దాచిపెట్టింది.

ఆ పేజీ రెండింటికి పోటని చెప్పింది. రెండింటికి ఇల్లు నీటి అంచున ఉంది, నీళ్లొచ్చి నేలపలకల్ని లేపాయి, జనం చప్పట్లు కొట్టారు. లాంచీ ఒక్కటీ రాలేదు. ఇల్లు కొట్టుకుపోకుండా, విప్పిన మోకుల్నే మళ్లీ వెనక గుంజలకి వదులుగా కట్టేశారు. నీళ్లు తీసేశాక, ఇల్లు బురదలో ఓ పక్కకి ఒరిగాక, అప్పుడొచ్చాయి లాంచీలు, బారులు తీరి, జెండాలు కట్టుకుని.

ఇక ఈ వారం సంగతి.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక మా వంటింట్లో పొయ్యి దగ్గర ముగ్గురం ఉన్నాం. క్లొదోమిరా రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. ఆమె మంచం సముద్రం ఒడ్డున ఉంది మరి. మింగా పిలిచినవాళ్లు ఇల్లు అవతలి ఒడ్డు చేరేదాకా జనానికి వండిపెట్టాలి కాబట్టి మిల్కావ్ రొట్టెలకి బంగాళాదుంపలు తురుముతోంది. నయాదెత్ ఆ తురుము గిన్నెల మధ్యలో చోటు చేసుకుని ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. బడి మీది యాంటెన్నా సిగ్నల్ అందే వంటిల్లు మా ద్వీపంలో మాదొక్కటే. నేను పొయ్యిలో కట్టె తోస్తూ ఎవరూ అడగని సలహాలు ఇస్తున్నాను.

తలుపు తోసుకుని ఒలెగారియో వచ్చాడు. చనిపోయిన నా భార్యకి తమ్ముడు. వానకోటు మీంచి నీళ్లు కారుతున్నాయి. మాతె కషాయం పోసి గిన్నె అందించాను.

"వద్దు," అన్నాడు.

మా వైపు మాతె వద్దన్నాడంటే పోట్లాటకి వచ్చాడని అర్థం. గిన్నె నేనే తాగేశాను.

"ఆ పేజీ రాసింది ఎవరు?" అన్నాడు, ఎవరో తెలియనట్టు.

"నేనే మామా," అంది నయాదెత్.

"రెండింటికి పోటన్నావు. రెండింటికి వచ్చాను. నా లాంచీ అడుగు రాళ్ల మీద గీసుకుపోయింది. అవతలి ఒడ్డున అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. నీ పేజీ పచ్చి అబద్ధాలకోరు."

క్లొదోమిరా తురుముడు ఆపలేదు. "పేజీని అనకు. పేజీ నిజమే చెప్పింది. రెండింటికి నీళ్లొచ్చాయి, మేమంతా ఉన్నాం, ఇల్లు లేచింది. రానివాళ్లు మీరే."

"అక్కా, రెండింటికి అక్కడ పీతలు నడుస్తున్నాయి!"

"నీ రెండింటికి నడిచాయేమో. నా రెండింటికి ఈదుతున్నాయి."

"సముద్రం నీకొకటి నాకొకటి ఉందా?"

"నాకు ముందొస్తుంది. నేను ఆడదాన్ని, పైగా ఇల్లు నాది."

ఒలెగారియో నావైపు తిరిగాడు. "బావా, నువ్వు చెప్పు. పోటు తప్పని మొనగాడివి కదా. నీ ఎడ్ల జత ఎన్నింటికి దిగింది ఒడ్డుకి?"

నేను కట్టెని సర్దాను. సర్దిందే మళ్లీ సర్దాను.

"అడిగేది నిన్నే."

"నీ లాంచీల వెనకే," అన్నాను.

క్లొదోమిరా పకపకా నవ్వింది. నిన్నట్నించి ఆ మనిషి నవ్వడం అదే మొదలు కాబట్టి నా పరువు పోయినా పనికొచ్చే పోవడమే పోయింది. జరిగింది ఇదీ: నిన్న నేను ఇదే పొయ్యి దగ్గర ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో ఒకటిన్నర. పేజీలో పోటు రెండింటికి. ఇంకా టైముంది కదా అని ఇంకో మిల్కావ్ ముక్క మీద పంది కొవ్వు పూసుకున్నాను. నేనూ నా ఎడ్లూ ఒడ్డుకి దిగేసరికి సముద్రం వచ్చి, పలకరించి, వెళ్లిపోయింది కూడా. కాబట్టి పైన రాసిన మోకాలి చిప్ప సంగతి కొట్టేసుకోండి. చంద్రుడు కూడా మా కంచె దాకా ఎప్పుడూ రాలేదు. వచ్చినా కుక్క రానివ్వదు.

అయితే ఆ మాట విన్నాక నయాదెత్ తలెత్తి చూసింది.

"తాతా, నువ్వు చూసింది నీ ఫోన్లో గంటేగా? అత్తా, నువ్వు రెండయిందని దేన్ని చూసి అనుకున్నావు?"

"నా చేతి గడియారాన్ని."

"పోయిన శనివారం దాన్ని వెనక్కి తిప్పావా?"

"నేనెందుకు తిప్పుతాను? అదేమన్నా నన్ను అడిగిందా?"

ఇక్కడ ఓ మాట చెప్పాలి. మా దేశంలో ఎండలు తగ్గాక, మాకది ఏప్రిల్లో, ప్రభుత్వం గడియారాల్ని ఒక గంట వెనక్కి తిప్పమంటుంది. ఫోన్లు వాటంతటవే తిరుగుతాయి. మా పెద్దవాళ్లు మాత్రం తిరగరు. వేసవి గంటనే ఏడాది పొడుగునా పట్టుకుని ఉంటారు, దాన్ని పాత గంట అంటారు. ప్రభుత్వానిది కొత్త గంట. ఆవు ముందు నిలబడి ప్రభుత్వ ఉత్తర్వు గట్టిగా చదివినా అది పొదుగు గంట ఆలస్యంగా నింపదు కదా అని మావాళ్ల వాదన. పాత గంటలో రెండయితే కొత్త గంటలో ఒకటే. ఎదురుపడ్డప్పుడు "నీదా నాదా?" అని అడుక్కుని పని జరుపుకుంటాం. ఎప్పుడూ గొడవ రాలేదు.

నయాదెత్ కోడ్‌లో ఓ చోట వేలు పెట్టి ఆపింది. చూస్తున్నకొద్దీ ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"దొరికింది," అంది.

"ఏం దొరికింది?" అన్నాడు ఒలెగారియో.

"మూడు."

"మూడేమిటి?"

"సముద్రం పట్టికని లోపల లోకమంతటికీ ఒకటే గంటలో దాచాను మామా. అది సరైన పనే. చూపించేటప్పుడు దాంట్లోంచి మూడు గంటలు తీసేసి మన గంటగా చూపిస్తున్నాను. వేసవిలో రాశాను, వేసవిలో మూడే. పోయిన శనివారం గడియారాలు తిరిగాక నాలుగు తీయాలి. గడియారాలు తిరిగాయి, నేను చేత్తో రాసిన మూడు తిరగలేదు. శనివారం నించీ నా పేజీ పాత గంట చెప్తోంది."

నేను పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.

"అంటే పేజీది మా జట్టే," అంది క్లొదోమిరా, తృప్తిగా.

"అంటే నేను చెప్పిందే నిజం," అన్నాడు ఒలెగారియో, అంతకన్నా తృప్తిగా. "అబద్ధాలకోరు."

ఈ సీరియల్ చదివేవాళ్లలో వెబ్ పేజీలు చేసే కుర్రకారు కూడా ఉన్నారని పత్రికవాళ్లు అంటున్నారు. నాకు వచ్చింది ఊరిబడి చదువు. పిల్ల చెప్పింది చెప్పినట్టు మీకు అప్పజెప్తాను. మీ ఊరి గంటకీ లోకం గంటకీ ఎంత తేడా అనేది అంకెగా చేత్తో రాయొద్దట. ఊరి పేరు రాస్తే చాలట; ఏ ఊళ్లో గడియారం ఎప్పుడు తిరుగుతుందో బ్రౌజర్ దగ్గర జాబితా ఉంటుందట. ఇంకోటి, ఏప్రిల్ వచ్చేదాకా ఆగకుండా వేసవిలోనే ఫోన్ తారీకు ఏప్రిల్‌కి తిప్పి పేజీ ఏమంటుందో చూసుకోవాలట. "చూసి ఉంటే అత్త మంచం ఇంట్లో ఉండేది," అంది పాపం. మంచం ఇంట్లోనే ఉంది, ఇల్లే ఊళ్లో లేదు అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"మార్చెయ్," అన్నాడు ఒలెగారియో. "ఇవాళ్టి పోటే ఆఖరు. రేపట్నించి నీళ్లు తగ్గుముఖం, ఇంటిని లేపేంత రావు. పైగా సాయంత్రానికి ఉత్తరగాలి ముదురుతుంది. ఇవాళ దాటలేదా, ఆ ఇంటిని రేపు పొయ్యిలోకి వాడుకోవచ్చు."

"ఒక్క గీత మారిస్తే అయిపోతుంది," అని నయాదెత్ మీటల మీద చేతులు పెట్టింది.

తురుము అంటిన చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీద పడింది. తెల్లటి పిండి వేళ్ల గుర్తులు దాని మీద ఇప్పటికీ ఉన్నాయి.

"ముట్టుకోకు," అంది క్లొదోమిరా.

"అత్తా, తప్పు..."

"ఎవరికి తప్పు? ఎడ్లవాళ్లు, మోకులవాళ్లు, పీపాలవాళ్లు, అంతా మా ద్వీపంవాళ్లు. ఒక్క ఈ ముసలాడు తప్ప మిగతా అందరిదీ పాత గంటే. ఆ పేజీ చూసి నిన్న అందరూ సరిగ్గా వచ్చారు. ఇవాళ నువ్వు అంకె మార్చావనుకో, దాన్ని కూడా పాత గంటలోనే చదువుకుంటారు. గంట ముందే మోకులు విప్పేస్తారు."

అది నిజంగా భయపడాల్సిన మాటే. పోటు నిండేదాకా మోకు బిగించి ఉంచితే ముడి తడిసి బిర్రబిగుసుకుంటుంది, విప్పడం ఎవరి తరమూ కాదు. ఇల్లు వెనక్కి వంగి నీళ్లు తాగుతుంది. అందుకని పోటుకి అరగంట ముందే వెనక మోకులు విప్పడం ఆనవాయితీ. ఆ అరగంటలో లాంచీ వచ్చి ముందు మోకు అందుకోవాలి. ఉత్తరగాలి ఉన్నరోజు లాంచీలు బయట నిలబడలేవు, నేల సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము మలుపు వెనక దాక్కుని ఉంటాయి; ఒడ్డు మీదివాళ్లకి కనపడవు. మోకులు విప్పేవాడు పేజీని నమ్మి విప్పాలి, లాంచీవాడు పేజీని నమ్మి మలుపు తిరగాలి. ఇద్దరి మధ్యా గంట తేడా వస్తే ఇల్లు తనంతట తాను ఏ దేశం పోదలుచుకుంటే ఆ దేశం పోతుంది.

"దేశానికంతటికీ ఒకటే గంట!" అని ఒలెగారియో బల్ల గుద్దాడు. "మీ ద్వీపానికి వేరే గంట ఎవడిచ్చాడు?"

"దేశం వచ్చి నా ఇంటి మోకు పట్టుకుంటుందా?"

"నేను పట్టుకుంటున్నాగా!"

"నిన్న పట్టుకున్నావు. చూశాం."

"బావా, ఈవిడకి నువ్వైనా చెప్పు."

"నేను చెప్పను," అన్నాను. "నిన్న గంట ఆలస్యంగా వచ్చినవాడి మాట ఎవరు వింటారు? నువ్వూ ఆ జాతే."

నయాదెత్ మధ్యలో దూరింది. "పోనీ రెండూ రాస్తాను. పాత గంట ఇంత, కొత్త గంట ఇంత అని పక్కపక్కనే."

"రెండంకెలు పెడితే ఎవడికి నచ్చింది వాడు చదువుతాడు," అన్నాడు ఒలెగారియో. "నా ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో తడి ఫోన్, ముఖం మీద వాన. అప్పుడు నేను పాతదేది కొత్తదేది అని కూర్చుని ఏరుకోవాలా? అసలు నాకు గంటే వద్దు. పోటుకి ఇంకెంతసేపుందో అది చెప్పి తగలడు, చాలు!"

తిట్టబోయి అన్నాడు. అన్నాక తను కూడా ఆగిపోయాడు.

నయాదెత్ ఆయన్నే చూస్తోంది. "మామా, ఇంకోసారి అను."

"ఏది? తగలడు అన్నదా?"

"ఇంకెంతసేపు. ఎన్నింటికి పోటు అనేది ఎవరి గంట వాళ్లది. ఇంకెంతసేపట్లో పోటు అనేది అందరికీ ఒకటేగా! అత్తా, నీకు రెండు గంటల తర్వాత వచ్చే పోటు మామకి కూడా రెండు గంటల తర్వాతే వస్తుంది."

క్లొదోమిరా రెండో చేతి వేళ్లు నలుపుకుంటూ ఆలోచించింది. ఆమె ఆలోచిస్తే తొందరగా తేల్చదు. చివరికి మూత మీంచి చెయ్యి తీసింది.

"అందులో పాతా కొత్తా ఉండదుగా?"

"ఉండదు."

"అయితే రాయి."

ఆ పిల్ల రాస్తుంటే మేం ముగ్గురం వెనక నిలబడి చూశాం. ఏమీ అర్థం కాకపోయినా నేను రెండుసార్లు తలూపాను. పేజీలో గంట అనేదే లేకుండా పోయింది. 'పోటుకి ఇంకా' అని రాసి, దాని కింద వాననీళ్ల తొట్టెంత అంకెలు పెట్టింది. ఆ అంకెలు తగ్గుతూ ఉంటాయి. అరగంటకి వచ్చేసరికి 'మోకులు విప్పండి, లాంచీలు రండి' అనే మాటలు వాటంతటవే వస్తాయి. తర్వాత, ఫోన్లలో దాచిన నకలుకి కొత్త పేరు పెట్టింది. పేరు మార్చకపోతే ఫోన్లు పాత నకలే పట్టుకుని కూర్చుని, కొత్త పేజీ వచ్చిందన్న సంగతే ఒప్పుకోవట. మనుషుల దగ్గరున్న ఫోన్లకి మనుషుల బుద్ధులే వస్తాయి.

తన ల్యాప్‌టాప్‌లో చూసుకుని సంబరపడలేదు. "అందులో అన్నీ బాగానే కనపడతాయి తాతా, నీది ఇవ్వు," అంది. నా ఫోన్ అద్దం పగిలింది, వేసవిలో పడవలోనూ చలికాలంలో పొయ్యి పక్కనా ఉండి ముసలిదైంది. దాంట్లో తెరిచింది. ఒలెగారియో ఫోన్లో తెరిచింది. రెండూ పక్కపక్కన పెట్టాం. ఒకే అంకె. ఒకేసారి తగ్గింది.

ఒలెగారియో వానకోటు విప్పి బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఏదీ, ఆ మాతె ఉందా?" అన్నాడు.

గొడవ తీరిపోయినట్టే. పోసి ఇచ్చాను. మిల్కావ్ కూడా పెట్టాను, నిన్న నన్ను ముంచింది అదేనని చెప్పి మరీ.

కాసేపటికి మోకులు విప్పే జట్టు వచ్చింది, ముందు హెనారో. హెనారో అంటే మా ద్వీపంలో ముడి వేయడంలోనూ విప్పడంలోనూ తిరుగులేని మనిషి. పెళ్లి ముడి ఒక్కటే వేసుకోలేదు. ఒడ్డున సిగ్నల్ ఉండదు కాబట్టి నయాదెత్ ఒక్కొక్కరి ఫోనూ మా వంటింట్లోనే తెరిపించి, కొత్త పేజీ దిగిందా లేదా అని మాత్రమే చూసి పంపింది.

"అంకె అరగంటకొస్తే విప్పండి. గడియారం చూడొద్దు," అని నొక్కి చెప్పింది.

"గంటే లేదేమిటే ఇందులో?" అన్నాడు హెనారో.

"గంటతో పనిలేదు బాబాయ్."

"మంచిదయింది. ప్రభుత్వం ఇందులో చెయ్యి పెట్టలేదన్నమాట," అని రొట్టె ఒకటి జేబులో వేసుకుని, ఒకటి నోట్లో పెట్టుకుని దిగిపోయాడు.

ఒలెగారియో కూడా లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అక్కా, ఇవాళ ఇల్లు దాటిస్తాను. దాటాక నాకు మంచి కుర్చీ వెయ్యాలి, నిన్న నవ్వినదానికి," అన్నాడు.

"కుర్చీలు ఇంట్లోనే ఉన్నాయి. ముందు ఇల్లు దాటించు."

లాంచీ మోత మలుపు వెనక్కి పోయి సన్నబడింది. గాలి పెరిగింది. మేం ముగ్గురం ఒడ్డుకి పోదామని బయల్దేరుతున్నాం. నేను బూట్లు వేసుకోవడంలో తొందరపడే మనిషిని కాదు. నయాదెత్ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టింది. క్లొదోమిరా కూడా కొత్త పేజీ దింపుకుందిలే పాపం, ఇదే వంటింట్లో. ఇప్పుడు చేతులు కడుక్కుని ఫోన్ తెచ్చి, నా ఫోన్ పక్కన బల్ల మీద పెట్టి, శాలువా కప్పుకుంటోంది.

"అదిగో, వచ్చింది," అంది. "మోకులు విప్పమంటోంది. పదండి, ఆలస్యమైంది."

"ఇంకా ఎక్కడ అత్తా? గంటన్నర ఉంది," అంది నయాదెత్.

"కళ్లు పెట్టుకుని చూడు. అరగంట."

చూశాం. బల్ల మీద రెండు ఫోన్లు. నాదాంట్లో గంటన్నర. క్లొదోమిరా దాంట్లో అరగంట, దాని కింద లావు అక్షరాల్లో 'మోకులు విప్పండి'. ఒకే పేజీ, ఒకే పిల్ల రాసింది, ఒకే వంటింట్లో దిగింది.

నయాదెత్ ఆమె ఫోన్ అందుకుని పైన మూలన ఉన్న గంట చూసింది. "అత్తా, ఈ ఫోన్ గంట వెనక్కి పోలేదేం? దానంతటదే పోవాలే!"

"పోయింది. శనివారం రాత్రి పోయింది. ఆదివారం పొద్దున మళ్లీ పాత గంటకి తెచ్చుకున్నాం."

"ఎలా తెచ్చారు?"

"చేత్తో ముందుకి తోశాం. ఏదో 'తనంతట తాను' అని ఉంటుందిగా, దాన్ని ఆపేసి."

నయాదెత్‌కి అప్పుడే అర్థమైపోయింది. నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది, మీకూ పట్టొచ్చు కాబట్టి నిదానంగా చెప్తాను. 'ఇంకెంతసేపు' అనేది పేజీ ఎక్కడ్నించి లెక్కగడుతుంది? పోటు ఎప్పుడో దానికి తెలుసు. ఇప్పుడు ఎంతయిందో తెలియాలి కదా. అది ఫోన్‌ని అడుగుతుంది. అది చేత్తో గంట ముందుకి తోసిన ఫోన్ అయితే, గంట ముందుదే చెప్తుంది. పేజీ దాన్ని నమ్మి గంట తగ్గించి చూపిస్తుంది. లోకంలో ఎక్కడైనా ఫోన్లు వాటంతటవే తిరుగుతాయి కాబట్టి పిల్ల నమ్మింది. ఫోన్‌ని పట్టుకుని మళ్లీ పాత గంటకి లాక్కొచ్చే మొండిఘటాలు మా ద్వీపంలోనే ఉంటారని ఆలోచించలేదు.

"అత్తా," అంది, గొంతు తగ్గించి. "'తెచ్చుకున్నాం' అన్నావు. ఎవరెవరు?"

"నాకు ఆ మీటలు చేతకావుగా. హెనారో చేసిపెట్టాడు. ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని, తనది, నాది, మోకులవాళ్లందరివీ వరసగా..."

మాట పూర్తికాకముందే ఆ పిల్ల బయటికి ఉరికింది.

నేనూ క్లొదోమిరా గుమ్మంలోంచి చూశాం. వాలు మీంచి ఒడ్డంతా కనపడుతుంది. ఉత్తరగాలి నీళ్లని ముందే తోసుకొచ్చింది. అలలు అప్పుడే పీపాల్ని తడుముతున్నాయి, ఇల్లు ఒరిగిన పక్కనించి మెల్లగా నిటారవుతోంది. వెనక గుంజల దగ్గర నలుగురైదుగురు వంగి ఉన్నారు. మలుపు దగ్గర సముద్రం ఖాళీ. నయాదెత్ అరుస్తోంది గానీ గాలి ఆ అరుపుని తిరిగి మా ఇంటికే తెచ్చి ఇస్తోంది. వాలు సగం దిగాక ఒక బూటు బురదలో దిగబడి ఊడిపోయింది. వెనక్కి తిరిగి చూడకుండా ఒంటి బూటుతో పరిగెత్తింది.

క్లొదోమిరా నా మోచెయ్యి పట్టుకుంది.

కింద హెనారో నడుం నిటారు చేసి, ఒక చెయ్యి పైకెత్తాడు. ఎడమవైపు మోకు గుంజ మీంచి జారి, నీళ్లలో పడి, పాములా మెలికలు తిరుగుతూ ఇంటి వెంట పోవడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది కుడివైపుది.

ఆ పిల్ల బూటు ఊడిపోయిన సంగతి నేను కల్పించాను. రెండు బూట్లూ కాళ్లకే ఉన్నాయి. చదవడానికి బాగుంటుందని ఒకటి ఊడదీశాను. మోకు సంగతి మాత్రం కల్పించలేదు.